చైను మన చేతిలో, ట్యాపెట్లు మెకానిక్ చేతిలో

మోటార్‌సైకిల్ సర్వీసు పుస్తకంలోని కిలోమీటర్ల లెక్క మామూలు రోడ్డుకు రాసింది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల దారుల్లో రోజూ తిరిగే బండికి, మైపాడు, కొత్తపట్నం ఉప్పుగాలిలో రాత్రంతా ఆరుబయట ఉండే బండికి ఆ లెక్క చాలదు. మెకానిక్ ఎంత మంచివాడైనా మనం తీసుకెళ్లిన రోజే బండిని చూస్తాడు. అందుకే తరచూ చేయాల్సిన పనులు ఇంటి దగ్గరే జరగాలి. డబ్బు కోసం కాదు, మిగిలే కూలి కొంచెమే.

ముందు చైను. 500 కిలోమీటర్లకోసారైనా చూడాలి. పూర్తి కవరున్న బళ్లకు రబ్బరు మూత తీసి లూజు చూడొచ్చు గానీ, శుభ్రం చేయాలంటే కవరు విప్పాల్సిందే. మెయిన్ స్టాండు వేసి, ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో ఉంచి చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. ఇంజిన్ నడుస్తుండగా గుడ్డ పెట్టి తుడిస్తే వేళ్లు పోతాయి. కిరసనాయిల్లో ముంచిన బ్రష్‌తో మురికి వదిలించి, తుడిచి, తొంభై నంబరు గేర్ ఆయిల్ పట్టించాలి. పది నిమిషాలాగి పైన మిగిలిన ఆయిల్ తుడిచేయాలి, లేదంటే రాతిదుమ్ము దానికంటుకుని చైనును అరగదీస్తుంది. ఇంజిన్‌లోంచి తీసిన పాత ఆయిల్ పూసే అలవాటు మాత్రం మానాలి. అందులో ఇనుప రజను ఉంటుంది.

లూజు కింది వరుస మధ్యలో కొలవాలి. 100, 125 సీసీ బళ్లలో చాలావాటికి 20 నుంచి 30 మిల్లీమీటర్లు, కచ్చితమైన అంకె మీ బండి పుస్తకంలో ఉంటుంది. చక్రం తిప్పుతూ ఎక్కడ బాగా బిగువుగా ఉందో అక్కడే చూడాలి. యాక్సిల్ నట్టు వదులు చేసి, రెండు వైపులా అడ్జస్టర్లను ఒకే గుర్తుకు తేవాలి. చాలామంది మరిచేది దీని తర్వాతి పని: చక్రం వెనక్కి జరిగితే డ్రమ్ము బ్రేకు రాడ్డు లాగుతుంది, బ్రేకు పట్టేస్తుంది. యాక్సిల్ నట్టు గట్టిగా బిగించాక బ్రేకు పెడల్ ఆట (బ్రేకు పట్టేలోపు పెడల్ కదిలే దూరం) కూడా సరిచేయాలి.

ఆయిల్ మార్పూ ఇంట్లో చేసుకోవచ్చు. స్ప్లెండర్‌కు పట్టేది సుమారు 900 మిల్లీలీటర్లు. డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA, బైకు ఇంజిన్ ఆయిల్ ప్రమాణం) అని ఉండాలి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదముంది. డ్రెయిన్ బోల్టును పొడుగు పానాతో బలమంతా పెట్టి బిగిస్తే అల్యూమినియం కేసులో మర పోతుంది, ఆపై లేత్ షాపే గతి. వాషరు కొత్తది వేయాలి.

షెడ్డుల్లో జరిగే ఒక తప్పు చెప్పక తప్పదు: ఆయిల్ పట్టించిన పేపర్ ఎయిర్ ఫిల్టరుకు గాలి కొట్టి మళ్లీ పెట్టేయడం. అది కడిగేదీ కాదు, ఊదేదీ కాదు, మార్చేయాల్సిందే. స్పాంజి రకమైతే ఉతికి వాడొచ్చు.

క్లచ్, ఫోర్కు సీళ్లు, 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ 6 (పొగ కాలుష్య ప్రమాణం) బళ్లలో పెట్రోలు ఇంజెక్షన్ లోపాలు షెడ్డు పనే, పరికరాలు అక్కడే ఉంటాయి. ఇంజిన్ వాల్వులను కదిలించే ట్యాపెట్లు కూడా అంతే, కానీ వాటి సందు ఇంజిన్ పూర్తిగా చల్లారాకే ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని రేకులతో) కొలవాలి. చీమకుర్తి నుంచి ఒంగోలుకు నడుపుకుంటూ వెళ్లి అక్కడికక్కడే చేయించుకుంటే కొలత తప్పుతుంది. బండిని ముందురోజు సాయంత్రమే వదిలి రావాలి.