బక్కెట్టుకు ఏసీ

కొండాపూర్‌లో మా పైఫ్లాటు అబ్బాయి బీరు కాస్తున్నాడు. తాగడం కాదు, కాయడమే. "బిగినర్‌ని అంకుల్, ఇప్పుడే స్టార్ట్ చేశా" అని లిఫ్టులో వినయంగా అంటాడు. అక్కణ్నుంచి సెల్లారు దాకా బీరును పులియబెట్టే ఈస్టు మీద ఉపన్యాసం.

మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ అనీ, హాప్స్ అంటే చేదు కోసం వేసే ఓ తీగ పూలు అనీ ఇప్పుడు నాకు నోటికొచ్చు. 1516లో బవేరియా ప్రభువు బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప మరేదీ పడకూడదని శాసనం చేశాడట. కుర్రాడికి అదే వేదం. (అందులో ఈస్టు ఊసే లేదు. ఆ మాటంటే గ్రౌండ్ ఫ్లోర్ రాకుండానే దిగిపోతాడు.)

నాయనమ్మ మడిని వెక్కిరించిన ఈ వంశోద్ధారకుడు ఇప్పుడు స్వయంగా మడి కట్టాడు. కాచిన మాల్ట్ నీళ్లు చల్లారాక బక్కెట్టు దరిదాపులకు ఎవరూ రాకూడదు. గరిట, గొట్టం, మూత అన్నీ శానిటైజర్‌లో మునిగి తేలాలి. తిన్న కంచం మాత్రం రెండ్రోజులుగా సింకులోనే ఉంది.

అసలు ముచ్చట మే నెలలో. ఏల్ అనే రకం బీరు ఈస్టుకు 18 నుంచి 22 డిగ్రీలు కావాలి. వేడి బాగా మించితే బీరు నెయిల్ పాలిష్ వాసన కొడుతుంది. బయట చూస్తే 42. అందుకని బెడ్‌రూం ఏసీ బక్కెట్టుకు కేటాయించారు. కరీంనగర్ నుంచి వచ్చిన వాళ్లమ్మ హాల్లో ఫ్యాను కింద.

"ఈ కుడితికి ఏసీ ఎందుకు బిడ్డా?"

"అమ్మా, అందులో ప్రాణమున్నది."

"అయితే దుప్పటి గూడ కప్పాల్నా?"

కప్పమన్నాడు. వెలుతురు తగిలితే హాప్స్ కంపు కొడతాయట.

వారానికే ఓపిక పోయింది. సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ రీడింగ్ రెండు మూడు రోజులు మారకుండా నిలిస్తేనే, అంటే పులియడం ఆగాకే, సీసాల్లో నింపాలి. సీసాలో గ్యాసు పుట్టడానికి చక్కెర లీటరుకు ఆరేడు గ్రాములు చాలు. మనవాడు కంటితో చూసి నింపి, చెంచాతో ధారాళంగా పోశాడు. ఓ అర్ధరాత్రి సీసాలు పేలుతుంటే వాచ్‌మన్ షార్ట్ సర్క్యూట్ అనుకుని మెయిన్ కట్టేశాడు. ఆ రాత్రి తల్లికీ బీరుకీ మొదటిసారి ఒకే ఉక్కపోత. తెల్లారి అసోసియేషన్ గ్రూపులో "లెర్నింగ్ ఎక్స్‌పీరియన్స్" అని పోస్టు. కింద వరసగా హార్టులు.

లైసెన్సు లేకుండా బీరు చేయడం తెలంగాణలో నేరం. 1968 నాటి ఎక్సైజ్ చట్టం బార్లీ కాచే చదువుకున్నవాణ్ని వదిలేయమని చెప్పలేదు. కానీ తండాలో ఇంటి వెనక డ్రమ్ముడు బెల్లం పానకం దొరికితే పారబోస్తారు, ముసలామెను పక్కన నిలబెట్టి ఫొటో తీసి పేపర్లో వేస్తారు, ముందస్తుగా జైల్లో పెట్టే పీడీ యాక్ట్ అని బెదిరిస్తారు. గుడుంబా మంచిదని నేననను, అది కాపురాలు కూల్చింది, మనుషుల్ని చంపింది. అయినా ఆమెకు కేసు, వీడికి హార్టులా? ఇదేం న్యాయం? తాటిచెట్టు ఎక్కే గౌడన్నకు లైసెన్సు కావాలి, పడి నడుం విరిగితే పరిహారానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. 2004లో నగరంలో కల్లు దుకాణాలు మూయించి, మళ్లీ 2014లో గానీ తెరవలేదు. ఆ పదేళ్లు ఆ ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో ఎవడైనా అడిగాడా?

అలాగని మా గేటెడ్ కమ్యూనిటీకి ఎక్సైజ్ జీపు రానే రాదని అనలేం. వస్తే సెక్యూరిటీ గేటు దగ్గర ఆపి, పైఫ్లాటుకు ఫోన్ చేస్తాడు: "సార్, ఎక్సైజ్ వాళ్లొచ్చిండ్రు, పంపమంటారా?"