బొటనవేలి మీద నల్ల పైత్యం

మా గోదావరి జిల్లాల్లో ఎవరికైనా గుండెపోటొస్తే వెంటనే కాకినాడ తీసుకెళ్ళమంటారు, షుగరొస్తే మాకూ ఉందిలెండి అంటారు. వేలి మీద పులిపిరి లేస్తే మాత్రం మనం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, వైద్యమే వీధి గుమ్మం దాకా నడిచొస్తుంది. ఊరికే అంటున్న మాట కాదిది. కుడి బొటనవేలి గోరు పక్కన శనగగింజంత పులిపిరిని పద్నాలుగు నెలలు మోసి, దాంతోనే సంతకాలు పెట్టి, దాంతోనే పెళ్ళి భోజనాల్లో ముద్దపప్పు కలుపుకుని సంపాదించిన అనుభవం.

మొదట అమ్మమ్మ వచ్చింది. గుప్పెడు కళ్ళుప్పు పొట్లం కట్టి చెరువులో పడేసి వెనక్కి చూడకుండా వచ్చేస్తే, ఉప్పు కరిగినట్టే అదీ కరిగిపోతుందట. పక్కింటి మావయ్యగారు గుర్రం తోక వెంట్రుకతో పులిపిరి మొదలు దగ్గర బిగించి కట్టమన్నారు. ఈ కొబ్బరి తోటల్లో గుర్రం ఎక్కడ దొరుకుతుందండీ అంటే, పెళ్ళి ఊరేగింపులకు అద్దెకొచ్చేదాన్ని చూసుకో అన్నారు. వరుడు పైన కూర్చునుండగా వెనక నుంచి తోక పీకే ధైర్యం నాకు లేకపోయింది. మా బావ హోమియోలో తూజా అన్నాడు. పెదనాన్నగారబ్బాయి ఎవరినీ అడక్కుండా నల్లజీడి రసం తన పులిపిరి మీద తనే పెట్టుకున్నాడు. అది చర్మాన్ని కాల్చేసి, నీటిబుడగ లేచి, పుండై, మూడు వారాలు కట్టు కట్టుకుని తిరిగాడు. ఇప్పుడు ఆ చోట రూపాయి బిళ్ళంత నల్లమచ్చ ఉంది. "పులిపిరి పోయిందా లేదా?" అని ఇప్పటికీ సగర్వంగా చూపిస్తుంటాడు. పోయింది, కాదన్నదెవరు? ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టినా ఎలకలు పోతాయి.

ఇలాంటి సమయంలో అంబాజీపేట కొబ్బరి వ్యాపారి ఒకాయన యునానీ వైద్యం గురించి చెప్పాడు. "సైడెఫెక్టులు ఉండవండీ, ఆయ్, మొత్తం మూలికలే" అన్నాడు. నల్లజీడి కూడా మూలికేనని, ఆ మాటకొస్తే గన్నేరూ చెట్టుకే పూస్తుందని ఆయనకు చెబుదామనుకున్నాను గానీ, ఉచితంగా సలహా ఇచ్చేవాణ్ణి ఎదురు ప్రశ్నలేసే అలవాటు మా వైపు లేదు. బస్సెక్కి రాజమండ్రి వెళ్ళాను.

హకీం గారు ఐదున్నరేళ్ళు కాలేజీలో చదివి పట్టా పుచ్చుకున్నాయన. నేను వేలు చాపితే ఆయన మణికట్టు పట్టుకున్నారు. నాడి చూశారు, నాలుక చూశారు, నిద్ర ఎలా పడుతుంది, కోపం ఎంతసేపుంటుంది, విరేచనం ఏ వేళకవుతుంది అని అరగంట అడిగారు. నా పెళ్ళిచూపుల్లో కూడా నన్నెవరూ ఇన్ని అడగలేదు. చివరికి తేల్చిందేమంటే, ఒంట్లో రక్తం, కఫం, పచ్చ పిత్తం, నల్ల పిత్తం అని నాలుగు ఉంటాయట, నాలో నల్ల పిత్తం పెరిగి చిక్కబడిందట. దాని పేరు సౌదా. "పంట కాలవలో గుర్రపుడెక్క పేరుకుంటే శివారు తూము దగ్గర ఏమవుతుందండీ? అదే మీ బొటనవేలు" అన్నారు. అంతకన్నా తేటగా డెల్టా రైతుబిడ్డకి ఏ వైద్యుడూ చెప్పలేడు. కాలవల మాట ఎత్తితే మేం దేన్నైనా నమ్మేస్తాం, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ అది మా బలహీనత.

ఇంటికొచ్చి మా ఆవిడతో నాకు నల్ల పిత్తం అంటే, "పైత్యం అని పెళ్ళైన కొత్తలోనే చెప్పాను, దానికి రాజమండ్రి దాకా ఎందుకు?" అంది.

ఆవిడకేం తెలుసు, ఇది అలాంటిలాంటి పైత్యం కాదు. యునానీ అంటేనే గ్రీకు అని అర్థం. గ్రీకుల హిపోక్రటీస్ అరబ్బుల దగ్గర బుఖ్రాత్ అయ్యాడు, గాలెన్ జాలీనూస్ అయ్యాడు, వాళ్ళ సిద్ధాంతాన్ని పర్షియా వైద్యుడు ఇబ్న్ సీనా 1025 ప్రాంతంలో పెద్ద గ్రంథంలోకి ఎక్కించాడు, అది ఢిల్లీ మీదుగా హైదరాబాదు చేరి, ఎర్రగడ్డలో చర్మవ్యాధుల కోసమే ఒక జాతీయ యునానీ పరిశోధన సంస్థ వెలిసేదాకా వచ్చింది. మా ఇంట్లో మూడు తరాలకు మించి వంశవృక్షం తెలియదు, నా పులిపిరికి మాత్రం రెండువేల నాలుగొందల ఏళ్ళ గోత్రం దొరికింది.

చికిత్స రెండు మెట్లు. ముందు మున్జిజ్, అంటే చిక్కబడ్డ దోషాన్ని మగ్గబెట్టే కషాయం. రావులపాలెంలో అరటి గెలలు మగ్గేస్తారు చూడండి, అలాగన్నమాట, కాకపోతే ఇక్కడ గెల నేను. తర్వాత ముస్‌హిల్, మగ్గినదాన్ని బయటికి పంపే విరేచనం. ఇందులో అఫ్తీమూన్ అనే మహా గంభీరమైన పేరొకటి వినపడి భయపడ్డాను, తీరా చూస్తే మన కంచెల మీద వేరూ ఆకూ లేకుండా అల్లుకునే పసుపు తీగ జాతిదే. పైపూతకు కలోంజి గింజలు సిర్కాతో నూరి పెట్టమన్నారు. సిర్కా అంటే వెనిగరు, మా వీధి నూడుల్స్ బండివాడి దగ్గర లీటర్ల కొద్దీ ఉంటుంది. కలోంజి అడిగితే కిరాణా కొట్టాయన ఉల్లి విత్తనాలు పొట్లం కట్టిచ్చాడు. వారం రోజులు అవే పూసుకున్నాను. మొలకెత్తనందుకు సంతోషం.

ఇదంతా భరించాను. పథ్యం దగ్గరే దెబ్బ తగిలింది. సౌదా పెంచేవి వద్దన్నారు: వంకాయ వద్దు, మసూరు పప్పు వద్దు, ఉప్పు చేప వద్దు, నలభై రోజులు అసలు చేపే వద్దు. రోగం వేలికి, శిక్ష కంచానికి. పైగా అది జూలై నెలాఖరు. గోదావరికి ఎర్రనీరొచ్చింది, సముద్రంలోంచి చేప ఎదురీదుకుంటూ పైకొచ్చింది, పుస్తెలమ్మైనా పులస తినాలన్న ఊళ్ళో నేను కషాయం తాగుతున్నాను. మా ఆవిడ మట్టి దాకలో బెండకాయలేసి పులుసు పెట్టి, ఆవకాయ నూనె ఒక గరిటె వేసి, రాత్రంతా ఊరనిచ్చింది. తెల్లారి మూత తీసినప్పుడు ఇబ్న్ సీనా గుర్తొచ్చాడు గానీ, పాపం ఆయన గోదావరి ఒడ్డున పుట్టలేదు కదా. ఆ వాసన తగలకుండా రాసిన పథ్యం అది.

కడుపు నిండాక బుద్ధి వికసించి అమలాపురంలో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నల్ల పిత్తం లేదు గిత్తం లేదు, హ్యూమన్ పాపిలోమా వైరస్ అన్నాడు. 1907లోనే ఇటలీలో చుఫో అనే డాక్టరు పులిపిరి రసం వడకట్టి తన ఒంట్లోకే ఎక్కించుకుని, పులిపిరి మొలిపించుకుని మరీ రుజువు చేశాడట. మనకున్నది పోక ఏడుస్తుంటే ఆయన లేనిది తెప్పించుకున్నాడు. వైద్యమేమిటంటే సాలిసిలిక్ యాసిడ్ రోజూ పూయడం, లేదా సున్నాకి 196 డిగ్రీల కిందనుండే నైట్రోజన్‌తో గడ్డకట్టించడం. ఆ క్యాను నేనెరుగుదును. మా ఊళ్ళో గేదెలకు సూది వేసే గోపాలమిత్ర బండి మీద దున్నపోతు వీర్యం పెట్టుకు తిరిగేది అందులోనే. వద్దులెండి అన్నాను. "అయితే వదిలేయండి. ముఖం మీదో, మర్మాంగాల దగ్గరో ఉన్నా, షుగరున్నా సొంత వైద్యం చేసుకోకూడదు గానీ, పిల్లల్లో అయితే మూడింట రెండొంతులు రెండేళ్ళలో వాటంతటవే పోతాయి, పెద్దాళ్ళకి ఇంకాస్త టైం పడుతుంది" అన్నాడు.

దసరా నాటికి నాదీ రాలిపోయింది. చెప్పా పెట్టకుండా, కనీసం మచ్చ కూడా మిగల్చకుండా. అప్పుడు మొదలైంది అసలు గొడవ. నాకు తెలియకుండా తనే ఉప్పు పొట్లం చెరువులో వేశానని అమ్మమ్మ, కాఫీలో తూజా చుక్కలు కలిపిందెవరనుకున్నావని బావ, కషాయం మహిమని అంబాజీపేట ఆయన. బ్రిడ్జి ఓపెనింగ్‌కి రెండు పార్టీల వాళ్ళూ కొబ్బరికాయలు పట్టుకొచ్చినట్టు నా బొటనవేలి చుట్టూ చేరారు. ఉల్లి విత్తనాలిచ్చిన కిరాణా కొట్టాయన కూడా ఒక మాట వేసుకున్నాడు.

మర్యాదగా ఉంటుందని హకీం గారికి ఫోన్ చేసి తగ్గిందని చెప్పాను.

"సంతోషమండీ. పథ్యం గట్టిగా చేశారా?"

"నలభై రోజులూ చేశానండీ."

అవతల కాసేపు చప్పుడు లేదు.

"ఈ ఏడు పులస కేజీ ఎంత పడిందండీ మీ వైపు?"