దోన్నాస్ రాతిబాట ఫోటో ఫార్వర్డ్ చేసేవాళ్ళకు

మీలో చాలామందికి ఆ ఫోటో వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. కొండను నిలువునా చెక్కి వేసిన బాట, దాని మీద బండి చక్రాల గాడులు, చివర కొండరాతిలోనే తొలిచిన దర్వాజా. కింద ఒక వాక్యం: "రెండు వేల ఏళ్ళ కిందట రోమన్లు వేసిన రోడ్డు ఇప్పటికీ ఉంది, మన రోడ్డు ఒక్క వానకే కొట్టుకుపోతుంది." మా ఫ్యామిలీ గ్రూపులోనే ఈ ఏడాది మూడుసార్లు వచ్చింది. ఆ బాట ఇటలీలో, ఆల్ప్స్ కొండల నడుమ ఆవోస్తా లోయలో, దోన్నాస్ అనే చిన్న ఊరి దగ్గర ఉంది. నేనుండే టురిన్‌కు దూరమేమీ కాదు. మొన్న మే నెలలో నాన్న వస్తే వెంటబెట్టుకుని వెళ్ళాను. తిరిగొచ్చినప్పటి నుంచీ ఆ వాక్యం చూస్తే నాకు కోపం వస్తోంది.

నాన్న ముప్పై ఏళ్ళకు పైగా ప్రకాశం జిల్లాలో రోడ్ల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఎవరైనా రోడ్డు చూపిస్తే ముందు పక్క కాలువ ఎక్కడుందో చూస్తారు. దోన్నాస్‌లోనూ అంతే. నేను ఫోటోలు తీస్తుంటే ఆయన కూర్చుని గాడిలో చెయ్యి పెట్టారు. అరచెయ్యి అందులో పట్టేసింది. కాసేపటికి అన్నారు: "దీని కింద మట్టి లేదు తల్లీ. కొండే రోడ్డు, రోడ్డే కొండ. కుంగడానికేముంది?"

ఆ ఒక్క మాటతో ఫార్వర్డ్‌లో సగం పోయింది. ఆయన జీవితమంతా రోడ్లు వేయించింది నల్లరేగడి మీద. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. పైన ఎంత కంకర పోసి తారు వేసినా కింద నేల కదులుతూనే ఉంటుంది. ఆ రోడ్డు మీద చీమకుర్తి గ్రానైట్ లారీలు రోజంతా తిరుగుతాయి. రాతిబాట మీద నడిచింది ఎడ్లబండ్లు, కంచర గాడిదలు, సైనికుల కాళ్ళు. రెంటినీ పక్కపక్కన పెట్టి సిగ్గుపడమనడం న్యాయమా? మన దగ్గర కాంట్రాక్టుల్లో తినడం లేదని నేననను. నాన్న కళ్ళారా చూశారు, దానికి వ్యతిరేకంగా రాసి బదిలీలు కూడా అయ్యారు. ఆ తప్పును తిట్టండి, నేనూ మీతో కలిసి తిడతాను. కానీ దానికి ఈ రాయిని సాక్ష్యంగా తేవద్దు.

ఇంకో సంగతి. ఇక్కడ చెక్కిన బాట 221 మీటర్లు. ఇది ఒక పొడవైన రోడ్డులో చిన్న ముక్క. ఆ రోడ్డు వేసింది ఇటలీ నుంచి గాల్ దేశానికి, అంటే ఇప్పటి ఫ్రాన్స్‌కు వెళ్ళడానికి. ఆవోస్తా పట్నంలో అది రెండుగా చీలుతుంది. ఒక దారి 2,188 మీటర్ల ఎత్తున్న లిటిల్ సెయింట్ బెర్నార్డ్ కనుమ ఎక్కి లియోన్ వైపు పోతుంది, రెండోది 2,469 మీటర్ల గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ దాటి స్విట్జర్లాండ్‌లోకి దిగుతుంది. అంత పొడవైన రోడ్డులో చాలాభాగం ఇప్పుడు కంటికి కనిపించదు. పొలాల కింద, కొత్త రోడ్ల కింద కలిసిపోయింది. మిగిలిన ముక్కనే మనం ఫోటో తీసుకుంటున్నాం. ఆ రోడ్డు మిగిలిన చోట్ల కూడా ఊరికే మిగల్లేదు, జనం వాడుతూ వచ్చారు కాబట్టి మిగిలింది. క్రీ.శ. 990లో ఇంగ్లాండ్‌లోని కాంటర్‌బరీ ఆర్చిబిషప్ సిగెరిక్ రోమ్ నుంచి ఇంటికి తిరిగి వెళ్ళింది ఈ లోయ మీదుగానే. పక్క ఊరు పోన్ సాన్ మార్తాన్‌లో ఒంటి కమాను రోమన్ వంతెన మీద 1831 దాకా బండ్లు నడిచాయి. 1800 మేలో నెపోలియన్ సైన్యం ఇదే లోయలోకి దిగి, దోన్నాస్ పైనున్న బార్డ్ కోట దగ్గర నాలుగొందల మంది ఆస్ట్రియన్ సైనికుల చేతిలో దాదాపు రెండు వారాలు ఇరుక్కుపోయింది. చివరికి చక్రాల చప్పుడు వినపడకుండా గడ్డి చుట్టి, రాత్రిపూట ఫిరంగులను కోట కిందుగా లాక్కెళ్ళారు. ఎందుకంటే వేరే దారి లేదు. నది, కొండ, మధ్యలో ఈ రోడ్డు, అంతే.

ఇక నాకు అసలు బాధ కలిగించేది వేరే ఉంది. రోమన్ల కంటే ముందు ఈ లోయ సలాస్సీ అనే జనానిది. స్ట్రాబో అనే గ్రీకు రచయిత రోమన్ల కాలంలోనే వాళ్ళ గురించి రాశాడు. వాళ్ళకు బంగారు గనులుండేవి. బంగారం కడగడానికి దోరా నది నీళ్ళను కాలువలుగా మళ్ళించేవారు, దాంతో కింద మైదానంలో రైతులకు నీళ్ళు అందేవి కావు. పైవాళ్ళకూ కిందివాళ్ళకూ నిత్యం గొడవ. ఈ గొడవ ఎలా ఉంటుందో మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. తర్వాత రోమన్లు గనులు లాక్కున్నారు. అయినా కొండలూ కనుమలూ సలాస్సీల చేతిలోనే ఉండేవి. తమ లోయ దాటే సైన్యం దగ్గర తలకింత అని సుంకం వసూలు చేశారు, రోడ్డు వేస్తున్నామన్న సాకుతో పైనుంచి బండలు దొర్లించారు.

క్రీ.పూ. 25లో రోమన్ చక్రవర్తి ఆగస్టస్ పంపిన సేనాని టెరెంటియస్ వారో వాళ్ళను ఓడించాడు. స్ట్రాబో లెక్క ప్రకారం 36,000 మందిని, వాళ్ళు కాక యుద్ధం చేయగల మగవాళ్ళు 8,000 మందిని ఇవ్రేయా పట్నానికి తోలుకెళ్ళి బానిసలుగా వేలం వేశారు. లోయలో 3,000 మంది రోమన్లను దింపి కొత్త పట్నం కట్టారు. అదే ఇప్పటి ఆవోస్తా. దాని మొదటి పేరు ఆగస్టా ప్రెటోరియా సలాస్సోరుమ్. జనాన్ని అమ్మేసి, వాళ్ళ పేరును ఊరి పేరుకు తగిలించారు. అందరూ పోలేదు. మొదట్లోనే పట్నంలో చేరిన సలాస్సీలు ఆగస్టస్‌ను తమ రక్షకుడిగా పొగుడుతూ చెక్కించిన శాసనం ఆవోస్తాలో దొరికింది. గెలిచినవాడిని పొగుడుతూ రాయి నిలబెట్టిన ఆ మిగిలినవాళ్ళ మనసులో ఏముందో అని నేను చాలాసేపు ఆలోచించాను.

దోన్నాస్ బాట పక్క కొండగోడలోనే మైలురాయి చెక్కి ఉంది. విడి రాయి కాదు, కొండలోంచి స్తంభం ఆకారంలో పొడుచుకు వచ్చినట్టుంటుంది. దాని మీద రోమన్ అంకెల్లో 36. ఆవోస్తాకు 36 మైళ్ళు. నాన్న ఆ అంకెను వేలితో దిద్దారు. "మైలు వేశారు గానీ చెక్కినవాడి పేరు వేయలేదే" అన్నారు. తర్వాత, ఘాట్ రోడ్డు పనిలో తన కింద చేసిన వడ్డెర వాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయారు. ఎవరు ఉలి ఎలా పట్టేవారో, ఎవరు రాయి మీద ఒక్క దెబ్బ కొట్టి అది ఎటు చీలుతుందో చెప్పేవారో, అన్నీ. ఈ లోయలోనే లోతైన వాగు మీద పోన్ దాయెల్ అనే నీటి వంతెన ఉంది, క్రీ.పూ. 3 నాటిది. డబ్బు పెట్టి కట్టించుకున్న పాదువా వాసి కైయుస్ అవిల్లియుస్ పేరు, అది తన సొంతమన్న మాట దాని మీద ఇప్పటికీ చదవొచ్చు. రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు అక్కడా లేవు.

అందుకే "రోమన్లు వేశారు" అన్న మాట నాకు గుచ్చుకుంటోంది. ఆ బాటను మెచ్చుకోవద్దని కాదు, నేనే గంటన్నర కదల్లేదు. అది నిజంగా గొప్ప పని. ఆ పని చేసిన చేతులనూ, ఎవరి లోయలో చేశారో వాళ్ళనూ తీసేసి, మనల్ని మనం తిట్టుకోవడానికి మాత్రం దాన్ని వాడుకుంటే నాకు సహించడం లేదు.

మిలాన్‌లో ఎక్కి మోఁ బ్లాఁ సొరంగం గుండా ఫ్రాన్స్ వెళ్ళే టూరు బస్సులు ఈ లోయను ఆగకుండా దాటేస్తాయి. మీరు వస్తే దోన్నాస్‌లో దిగండి. టికెట్ లేదు, క్యూ లేదు. పైన రాతి స్తంభాల మీద ద్రాక్ష పందిళ్ళు, కింద నది, మధ్యలో ఆ బాట.

మేము అక్కడి నుంచి ఆవోస్తాకు బస్సెక్కాం. ఈ లోయలో ఊళ్ళ పేర్లు కూడా ఆ మైళ్ళేనని దారిలో నాన్నకు చెప్పాను. దియెమోజ్ అంటే పదో మైలు, నూస్ అంటే తొమ్మిదో మైలు. మన దగ్గర "ఏడో మైలు స్టాపు" అంటామే, అలాగే. ఆయన ఇక కునుకు తీయలేదు, కిటికీలోంచి బోర్డులే చూస్తూ కూర్చున్నారు. క్వార్ట్ అన్న బోర్డు కనిపించగానే నా వైపు తిరిగి, "ఇంకా నాలుగే" అని సంచి సర్దుకున్నారు.