పడిపోయిన స్నేహితుడి పక్కన

అర్ధరాత్రి దాటాక క్లబ్బులో ఒక కుర్రాడు కుప్పకూలుతాడు. ఒళ్లు కాలిపోతూ ఉంటుంది, దవడలు బిగుసుకుపోయి ఉంటాయి, పిలిస్తే పలకడు. ఏ మత్తుమందు మింగాడో స్నేహితులకు తెలుసు. అంబులెన్సును పిలవాలనీ తెలుసు. దాని వెనకే పోలీసులు వస్తారేమో, ఇంట్లో తెలిసిపోతుందేమో, చదువు ఆగిపోతుందేమో! ఆ బెంగతో ఫోను తీసిన చెయ్యి ఆగిపోతుంది. కాసేపు పడుకుంటే అదే తగ్గుతుందని ఒక మూల పడుకోబెడతారు.

ఆ కాసేపే ప్రాణాంతకం. ఎక్‌స్టసీగా పిలిచే ఎండీఎంఏ అనే మత్తుమందు, శరీరం తన వేడిని తాను అదుపు చేసుకునే శక్తిని దెబ్బతీస్తుంది. గాలి ఆడని గదిలో గంటల తరబడి నృత్యం చేసేవారికి ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటిపోవచ్చు. అప్పుడు కండరాలు చితికిపోతాయి, వాటి నుంచి విడుదలైన పదార్థాలు మూత్రపిండాలను పాడుచేస్తాయి. అలాగని నీళ్లు అదేపనిగా తాగించినా ముప్పే. ఒంట్లో నీటిని నిలిపే హార్మోనును ఈ మందు పెంచుతుంది కనుక రక్తంలో సోడియం పడిపోయి మెదడు వాచిపోగలదు. క్లబ్బుల్లో వాడే మరో మత్తుమందు జీహెచ్‌బీ విషయంలో మత్తెక్కించే మోతాదుకూ స్పృహ తప్పించే మోతాదుకూ తేడా బహు స్వల్పం. మద్యం తోడైతే ఊపిరే ఆగిపోవచ్చు. గురక పెడుతున్నాడు కదా అని వదిలేసిన మనిషి నిజానికి ఊపిరాడక కొట్టుకుంటూ ఉండవచ్చు. ఇవన్నీ వైద్యులకు తెలిసిన ప్రమాదాలే, వేళకు చేరిస్తే చికిత్స ఉన్నవే.

అందుకే సాయం కోసం పిలిచినవారిపైనా, పడిపోయినవారిపైనా సొంత వాడకానికి సంబంధించిన కేసు పెట్టకుండా చట్టమే హామీ ఇవ్వాలని మేము గట్టిగా కోరుతున్నాం. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రం 2007లోనే ఇలాంటి చట్టం తెచ్చింది, తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. అమ్మకందారులను వదిలిపెట్టాలని మేము అనడం లేదు. వారిని పట్టుకోవడానికి మర్నాడు ఉంది. ఊపిరి అందనివాడికి మర్నాడు లేదు.

మత్తు మాత్రలను పరీక్షించి వాటిలో ఏముందో చెప్పే విధానంపై అభ్యంతరాలు ఉన్నాయి. అది వాడకానికి అనుమతి పత్రంలా మారుతుందన్న భయాన్ని మేము తేలిగ్గా కొట్టిపారేయలేం. అయినా నెదర్లాండ్స్ 1990ల తొలినాళ్ల నుంచి ఈ పని చేస్తూనే ఉంది. ప్రమాదకరమైన మాత్ర బజారులోకి వచ్చినప్పుడు అందరినీ హెచ్చరించగలగడం దాని ఫలం. పరీక్షకు వచ్చిన యువతకు ఆరోగ్య కార్యకర్తతో మాట్లాడే అవకాశమూ దక్కుతుంది. చాలామందికి ఆ విషయం దాపరికం లేకుండా మాట్లాడటం అదే మొదటిసారి కావచ్చు.

మరి వాడకాన్ని ముందే ఆపలేమా? భయపెట్టే ఉపన్యాసాలతో మాత్రం కాదు. 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలై మత్తుమందులకు దూరంగా ఉండమని పోలీసు అధికారులతో బడుల్లో పాఠాలు చెప్పించిన 'డేర్' కార్యక్రమం అమెరికా అంతటా పాకింది. కానీ పిల్లల వాడకంపై దాని ప్రభావం నిలవలేదని అధ్యయనాలు తేల్చాయి. ఐస్‌లాండ్ వేరే దారిలో వెళ్లింది. ఆటలకూ కళలకూ డబ్బు ఇచ్చింది, తల్లిదండ్రులను ఒకచోట చేర్చింది, రాత్రి వేళ పిల్లలు బయట తిరిగే సమయాన్ని కుదించింది. అక్కడ 15, 16 ఏళ్ల వారిలో గడచిన నెలలో మద్యం తాగి మత్తెక్కినవారు 1998లో 42 శాతం కాగా 2016 నాటికి 5 శాతానికి తగ్గారు. అది మద్యం లెక్కే. అయినా ఖాళీ సాయంత్రాలను నింపడం ఎంత పెద్ద పనో అది చూపుతోంది.

క్లబ్బుల యజమానులు చల్లని గది, ఉచితంగా నీళ్లు, ప్రథమ చికిత్స తెలిసిన సిబ్బంది ఉండేలా చూడాలి. లైసెన్సుకు ఇవి షరతులు కావాలి. ఇక తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే: అర్ధరాత్రి ఎక్కడి నుంచి ఫోను చేసినా ముందు వస్తాం, ప్రశ్నలు తెల్లవారాక అడుగుతాం అని పిల్లలకు ఇవాళే చెప్పి ఉంచండి.