13 బేరింగుల బావ

మా బావ ఏ వస్తువు కొన్నా పెట్టె మీద అంకెలు చూసే కొంటాడు. ఫోన్ అయితే మెగాపిక్సెళ్లు, మిక్సీ అయితే వాట్లు. మిడ్ మానేరు జలాశయంలో గాలం వేద్దామని, కర్రకు బిగించి గాలం దారం చుట్టుకునే స్పిన్నింగ్ రీలు కొనడానికి వెళ్లినప్పుడూ షాపులో ఆయన అడిగిన మొదటి మాట, "బేరింగులు ఎన్ని?"

షాపాయన రెండు రీళ్లు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి 1,800 రూపాయలు, 4 బేరింగులు. రెండోది 850. దాని పెట్టె మీద బంగారు రంగులో 13 బేరింగులు, 10 కిలోల డ్రాగ్ అని ఉంది. డ్రాగ్ అంటే చేప లాగినప్పుడు దారం ఎంత బలానికి వదలాలో బిగించుకునే బ్రేకు. బావ ఫోన్ తీసి లెక్క వేశాడు.

"దీంట్ల బేరింగు 65 రూపాయలు పడ్తంది. దాంట్ల 450! ఎవర్ని ముంచుదామని?"

చెప్పి చూశాను. చవక బేరింగులు 13 ఉండేకన్నా సరైనవి మూడో నాలుగో ఉండటం నయం. హ్యాండిల్‌ని మెల్లగా తిప్పితే గరగరమనకూడదు, అటూ ఇటూ ఊగకూడదు. దారం ఒరుసుకుంటూ వచ్చే చిన్న రోలరు వేలితో అంటే తిరగాలి, తిరగలేదా, దారం మెలికలు పడుతుంది. రవ్వ చేపకూ జిలేబి చేపకూ 2500 సైజో 3000 సైజో రీలు సరిపోతుంది. ఇక 10 కిలోల డ్రాగ్ మనకెందుకు? మనం వేసే దారమే ఐదారు కిలోలకు తెగుతుంది. డ్రాగును ఆ బలంలో మూడో వంతుకో నాలుగో వంతుకో బిగించుకుంటాం. చేప లాగినప్పుడు దారం కుదుపు లేకుండా వదులుతోందా లేదా అన్నదే చూసుకోవాలి.

నేను మాట్లాడుతున్నంతసేపూ షాపాయన తల ఊపుతూనే ఉన్నాడు. 1,800 రీలు వైపు మాట్లాడేవాణ్ని చూసి ఏ షాపాయనైనా ఊపుతాడు. బావకు అక్కడే అనుమానం వచ్చింది. 850 రీలు సంచిలో పడింది.

దారం దగ్గర ఇంకో గొడవ. పెట్టె మీద 0.30 మిల్లీమీటర్ల దారమైతే 150 మీటర్లు పడుతుందని రాసి ఉంది. బావ గట్టిగా ఉండాలని 0.40ది కొన్నాడు. దారం అంత లావైతే పట్టేది ఎనభై ఐదు మీటర్లకు మించదు. కానీ ఉండలో 150 మీటర్లున్నాయి, వాటికి డబ్బులిచ్చాడు. అంచు దాటి పొంగుకొచ్చేదాకా చుట్టాడు.

ఆదివారం పొద్దున మానేరు గట్టున మేం ముగ్గురం. మూడో మనిషి మా మేనమామ, సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపిస్తాడు. గాలం సంగతి ఆయనకు తెలియదు. మేనకోడలి మొగుడు పిలిచాడు కాబట్టి వచ్చాడు. అల్లుడు గట్టున ఉన్నంతసేపు నవ్వకూడదని గట్టిగా నిర్ణయించుకుని మరీ వచ్చాడని తర్వాత తెలిసింది.

బావ రీలును కర్రకు బిగించి, రీలు పైకి వచ్చేలా పట్టుకున్నాడు. స్పిన్నింగ్ రీలు కర్ర కింద వేలాడాలి.

"కింద పెడితే కనపడదు కద," అన్నాడు.

తలకిందులుగా పట్టుకుంటే తిప్పే దిక్కు కూడా తారుమారవుతుంది. లోపల వెనక్కి తిరగనివ్వని గొళ్లెం ఒకటి ఉంటుంది. ఈ హ్యాండిలేమో మరతో బిగించే రకం. బావ బలం కొద్దీ తిప్పాడు. గేరు కదల్లేదు, హ్యాండిల్ ఊడి చేతిలోకి వచ్చింది. మామ చెరువు అవతలి గుట్టల వైపు తిరిగి చాలాసేపు దగ్గాడు.

మళ్లీ బిగించి, సరిగ్గా పట్టించి, ఎర గుచ్చి ఇచ్చాను. బావ ఊపి విసిరాడు. ఎర వెళ్లలేదు. అంచు మీద ఎదురుచూస్తున్న దారమంతా ఒక్కసారిగా చుట్టలు చుట్టలుగా జారి కర్ర మొదటి రింగు దగ్గర చిక్కుపడి ముద్దయింది.

"బేరింగులు ఎక్కువై స్పీడెక్కువైంది," అన్నాడు బావ. విసిరేటప్పుడు దారం చుట్టిన స్పూలు అసలు తిరగదని చెప్పేంత ధైర్యం నాకు లేకపోయింది.

మామ ముద్దను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వేళ్లు పోగు వెంట పోగు వెతుక్కుంటూ పోతున్నాయి. కాసేపటికి రీలును తిప్పి చూసి తలెత్తాడు.

"ఇది కండె కద అల్లుడా! నాడెల కండె తిరగది, పోగు కొస మీదికెల్లి జారి వస్తది. నిండ చుడితే ఇట్లనే కుప్పపడ్తది. అంచుకు రెండు మిల్లీమీటర్లు ఇడవాలె."

నాడె అంటే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తేది, కండె అంటే దాంట్లో నూలు చుట్టి పెట్టేది. నేను నోరు తెరిచాను. ఇంగ్లండులో 1905లో ఈ తరహా రీలుకు పేటెంట్ తీసుకున్న ఆల్ఫ్రెడ్ ఇలింగ్‌వర్త్ కూడా బట్టల మిల్లుల మనిషే. మిల్లులో బాబిన్ మీంచి నూలు జారడం చూసే ఆయనకు ఆ ఆలోచన వచ్చిందంటారు. సిరిసిల్ల సాంచాల మనిషి గట్టు మీద కూర్చుని అదే దారిలో వెనక్కి నడిచి వచ్చాడు.

చిక్కు తీసి, పనికిరాని దారం తెంపేస్తే సుమారు ఎనభై మీటర్లు మిగిలింది. ఈసారి ఎర దూరంగా వెళ్లి పడింది. ఏదో పట్టింది కూడా. బావ 10 కిలోల డ్రాగును పూర్తిగా బిగించి ఉంచాడు కాబట్టి అది దారం తెంపుకుని గాలాన్నీ సీసపు గుండునూ తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాత బావ ఎవరికీ చెప్పకుండా ఆ 1,800 రీలే తెచ్చుకున్నాడు. ఇప్పుడు గాలం మాటెత్తిన ప్రతివాడికీ బేరింగుల అంకెలు చూసి మోసపోవద్దని పాఠం చెబుతున్నాడు. మొన్న అక్క వాళ్లింట్లో పండక్కి కలిస్తే మామనే పక్కకు పిలిచాడు.

"మామా, నీకొక టెక్నిక్ చెప్తా. కండె ఎప్పుడు గానీ అంచుదాక చుట్టొద్దు."

నలభై ఏళ్లుగా సాంచాల మధ్య బతికిన మనిషి చేతిలోని బూరె పక్కన పెట్టాడు.

"అట్లనా అల్లుడా! నాకు తెల్వనే తెల్వదు."