సవరణ: విన్‌క్రిస్టిన్ లభించేది గన్నేరు నుంచి కాదు, బిళ్ళగన్నేరు నుంచి

పెరటి మొక్కల గురించి ఇంతకుముందు పెట్టిన పోస్టులో, రక్త క్యాన్సర్ చికిత్సలో వాడే విన్‌క్రిస్టిన్ 'గన్నేరు' నుంచి లభిస్తుందని రాశాను, అది తప్పు. ఔషధ వృక్షశాస్త్ర పాఠ్యగ్రంథాల ప్రకారం విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ (ఇదీ క్యాన్సర్ మందే) రెండూ మడగాస్కర్‌కు చెందిన బిళ్ళగన్నేరు, అంటే కేథరాంథస్ రోసియస్, నుంచి తీసినవి. గోడ పగుళ్ళలో సైతం మొలిచి, మోకాలెత్తున ఏడాది పొడుగునా లేత గులాబీ లేదా తెల్లని అయిదు రేకుల పూలు పూసే చిన్న మొక్క అది.

ఉత్తి గన్నేరు, అంటే నీరియం ఒలియాండర్, మనిషిని మించి పెరిగే పొద. దాని సన్నని, పొడవాటి, దళసరి ఆకులు సాధారణంగా కణుపుకు మూడేసి చొప్పున ఉంటాయి, వాటిలోని ఒలియాండ్రిన్ గుండె లయను దెబ్బతీసే విషం. పసుపు పూల పచ్చగన్నేరు వేరే మొక్క, అదీ విషపూరితమే. గుడి ఆవరణల్లో కనిపించే దేవగన్నేరు మరొకటి. ఇవన్నీ అపోసైనేసి కుటుంబానికే చెందినవి కనుక పేరు కలవడం పూర్తిగా నిరాధారమేమీ కాదు గానీ, గుణాలు మాత్రం అన్నిటికీ ఒకటి కావు.

బిళ్ళగన్నేరు ఆకులనైనా ఇంట్లో కషాయం కాచుకోకూడదు. విన్‌క్రిస్టిన్ శుద్ధి చేసిన మందుగా, వైద్యుల పర్యవేక్షణలో సిరలోకి మాత్రమే ఎక్కించేది.