‘ఎంఎస్ మందుల కంటే ఎంఎస్ జబ్బే నయం’ అన్న మెసేజ్‌కి జవాబు

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అంటే మన రోగనిరోధక వ్యవస్థే మన మెదడు, వెన్నుపాముల్లోని నరాలను దెబ్బతీసే జబ్బు. దాని గురించి వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఎంఎస్‌కి ఇచ్చే మందులన్నీ ఇమ్యూనిటీని చంపేస్తాయట. మెదడులోకి వైరస్ ఎక్కి మనిషి పోతాడట. ఈ సంగతి కంపెనీలు దాచిపెట్టాయట. కాబట్టి మందులు ఆపేసి, తిప్పతీగ కషాయంతో ఇమ్యూనిటీ పెంచుకోవాలట. మా అక్కకి ఎంఎస్ ఉంది. మెసేజ్‌ని నేరుగా ఆవిడకే పంపినవాళ్లు ఉన్నారు. పంపినవాళ్లది మంచి మనసే, కానీ అది చదివి ఎవరైనా నిజంగా మందు ఆపేస్తే జరిగే నష్టం చిన్నది కాదు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతున్నాను.

‘అన్ని మందులూ ఒకటే, అన్నీ ఇన్ఫెక్షన్లు తెచ్చేవే.’

కొన్ని మందులతో తీవ్రమైన ఇన్ఫెక్షన్ల ముప్పు పెరుగుతుందన్నది నిజం. అన్నీ ఒకటే అన్నది అబద్ధం. స్వీడన్‌లో ఆరు వేల మందికి పైగా ఎంఎస్ రోగుల వివరాలు పరిశీలించి 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. వెయ్యి మందిని ఏడాది పాటు గమనిస్తే ఆస్పత్రిలో చేరాల్సినంత ఇన్ఫెక్షన్లు మామూలు జనంలో 5 దాకా వచ్చాయి. ఇంటర్‌ఫెరాన్, గ్లాటిరమర్ వాడేవాళ్లలో 9, నాటాలిజుమాబ్‌తో 11, ఫింగోలిమాడ్‌తో 14, రిటుక్సిమాబ్‌తో దాదాపు 20. అంటే అన్నిటికంటే ఎక్కువ కనిపించిన మందుతో కూడా వెయ్యిలో 980 మందికి ఆ ఏడాది అలాంటిదేమీ రాలేదు. ఇంకో సంగతి. ఎంఎస్ వల్లే మూత్రం పూర్తిగా ఖాళీ కాక యూరిన్ ఇన్ఫెక్షన్లు వస్తుంటాయి, నడక తగ్గినవాళ్లకి న్యుమోనియా భయం ఉంటుంది. ఆ లెక్క కూడా మెసేజ్ మందు ఖాతాలోనే రాసేసింది.

‘మెదడులోకి వైరస్ ఎక్కుతుంది, కంపెనీలు దాచాయి.’

ఈ మాట వెనక ఉన్నది పీఎంఎల్ అనే జబ్బు. దానికి కారణం జేసీ వైరస్. పెద్దవాళ్లలో సగం మందికి పైగా ఒంట్లో ఇది ఏ హానీ చేయకుండా పడి ఉంటుంది. నాటాలిజుమాబ్ మందు రోగనిరోధక కణాలను మెదడులోకి వెళ్లనివ్వదు. ఎంఎస్ దాడులు తగ్గేది అందుకే, అక్కడ ఆ వైరస్ మీద కాపలా తగ్గేదీ అందుకే. పీఎంఎల్ వస్తే ప్రాణం పోవచ్చు, బతికినా వైకల్యం మిగలొచ్చు. దీన్ని నేను తక్కువ చేసి చెప్పను.

ఇక దాచడం. ఆ మందుకి అమెరికాలో 2004 నవంబర్‌లో అనుమతి వచ్చింది. పీఎంఎల్ కేసులు బయటపడగానే 2005 ఫిబ్రవరిలో అమ్మకాలు ఆపేశారు. 2006లో గట్టి షరతులతో, ప్రతి రోగినీ నమోదు చేసే పద్ధతి పెట్టి తిరిగి అనుమతించారు. ఆ హెచ్చరిక మందుతో వచ్చే కాగితం మీద నల్ల గీతల పెట్టెలో, అన్నిటికంటే పైన ఉంటుంది. ఇప్పుడు జేసీ వైరస్ యాంటీబాడీ రక్తపరీక్ష ఉంది. అది నెగెటివ్ అయితే పీఎంఎల్ ముప్పు పది వేలల్లో ఒకటి, అంతకంటే తక్కువే. పాజిటివ్ అయి, ఇంతకుముందు ఇమ్యూనిటీని అణిచే వేరే మందులు వాడి, ఈ మందు రెండేళ్లు దాటినవాళ్లకి అది వందలో ఒకటి దాకా వెళ్తుంది. అలాంటివాళ్లకి డాక్టర్లు మందు మార్చే సంగతి ఆలోచిస్తారు. నెగెటివ్ వచ్చినవాళ్లకి కూడా ఆ పరీక్ష ఆర్నెల్లకోసారి చేయించాలి, ఎందుకంటే మధ్యలో పాజిటివ్ కావచ్చు.

‘మందులు ఇమ్యూనిటీని చంపేస్తాయి.’

అక్క వాడేది ఫింగోలిమాడ్ క్యాప్సూల్. మొదట్లో సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్ట్ వచ్చినప్పుడల్లా లింఫోసైట్ల (ఒక రకం తెల్ల రక్తకణాలు) అంకె లావుపాటి అక్షరాల్లో, పక్కన కిందికి బాణం గుర్తుతో ఉండేది. ఇంట్లో అందరికీ టెన్షన్. తీరా చూస్తే ఆ మందు పనిచేసే తీరే అది. లింఫోసైట్లను అది చంపదు, లింఫ్ గ్రంథుల్లోనే ఆపేసి రక్తంలోకి రానివ్వదు. అందుకే రక్తంలో లెక్క మొదటున్నదాంట్లో 20–30 శాతానికి పడిపోవడం మామూలే. మైక్రోలీటర్ రక్తంలో 200 కంటే దిగితే డాక్టర్లు మందు కొన్నాళ్లు ఆపుతారు. ఇందులోనూ ప్రమాదం లేకపోలేదు. అనుమతికి ముందు జరిగిన ఒక ట్రయల్‌లో, ఇప్పుడిచ్చే 0.5 మిల్లీగ్రాములకు రెండున్నర రెట్ల డోసు వాడినవాళ్లలో ఇద్దరు హెర్పిస్ జాతి వైరస్‌లతో చనిపోయారు. అమ్మవారు (చికెన్‌పాక్స్) పోయించే వైరస్ కూడా ఆ జాతిదే. అందుకే మందు మొదలెట్టకముందే అమ్మవారు పోసిందా అని అడుగుతారు, అనుమానమైతే యాంటీబాడీ పరీక్ష చేస్తారు, రక్షణ లేకపోతే ముందు టీకా వేసి నెల ఆగుతారు.

‘మందులు ఆపేయండి.’

నన్ను నిజంగా భయపెట్టేది ఈ మాటే. ఫింగోలిమాడ్, నాటాలిజుమాబ్ ఉన్నట్టుండి ఆపేస్తే కొందరిలో జబ్బు మునుపటి కంటే ఉధృతంగా తిరగబెడుతుంది. అప్పటిదాకా నడిచిన మనిషి మంచాన పడొచ్చు. ఫింగోలిమాడ్ విషయంలో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2018 నవంబర్‌లో ప్రత్యేకంగా హెచ్చరించింది. అలా కోల్పోయిన శక్తి కొందరికి మళ్లీ రాలేదు. మందు మారాలంటే డాక్టర్‌తో కూర్చుని, ఇది ఆపాక ఎన్నాళ్లకి తర్వాతిది మొదలెట్టాలో తేల్చుకుని మారాలి.

‘తిప్పతీగతో ఇమ్యూనిటీ పెంచుకోండి.’

ఎంఎస్‌లో రోగనిరోధక వ్యవస్థే నరాల పైపొరను కొరికేస్తుంది. దాన్ని ఇంకా రెచ్చగొట్టమని సలహా ఇవ్వడం ఏం న్యాయం? 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడినవాళ్లలో ఆటోఇమ్యూన్ తరహా (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటినే దెబ్బతీసే) కాలేయ జబ్బును గమనించి రిపోర్ట్ చేశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. ఆ వాదన ఎటు తేలినా, ఆటోఇమ్యూన్ జబ్బున్న మనిషికి చెప్పే మాట మాత్రం ఇది కాదు.

మెసేజ్ చెప్పకుండా వదిలేసినవి ఇంకా ముఖ్యం. మన దగ్గర రిటుక్సిమాబ్ వాడకం ఎక్కువ, ధర తక్కువ కాబట్టి. ఆ మందుతో ఒంట్లో నిద్రపోతున్న హెపటైటిస్ బీ లేచి కాలేయాన్ని దెబ్బతీయొచ్చు. మొదటి డోసుకు ముందే ఆ పరీక్ష జరిగిందా అని అడగండి. టీబీ గురించీ అడగండి. టీకాలు వీలైనంత వరకు మందుకి ముందే వేయించుకోవాలి, ప్రాణమున్న వైరస్‌తో చేసిన టీకాలైతే మందు మొదలెట్టాక వద్దు.

జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని నాలుగు రోజులు చూద్దాంలే అనుకోకూడదు. ఆర్‌ఎంపీ దగ్గర స్టెరాయిడ్ కలిపిన ఇంజెక్షన్ పొడిపించుకుంటే జ్వరం దిగినట్టే ఉంటుంది, లోపల ఇన్ఫెక్షన్ ముదురుతుంది. ఆస్పత్రికి వెళ్లినప్పుడు మందు పేరు, చివరి డోసు తేదీ రాసిన కాగితం చూపించండి. ఆర్నెల్లకోసారి సెలైన్‌లా ఎక్కించుకునే మందు రోజూ మింగేది కాదు కదా, ‘ఏమైనా మందులు వాడుతున్నారా’ అని డ్యూటీ డాక్టర్ అడిగితే చాలామంది ‘ఏమీ లేవండీ’ అనేస్తున్నారు.